సెసమీ స్ట్రీట్ బొమ్మలూ, మన వీధి పిల్లలూ: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా ఇంటి వరండాలో ప్రతి శనివారం సాయంత్రం వీధి పిల్లలు పది పదిహేనుమంది చేరతారు. ఇరవై నిమిషాలు లాప్‌టాప్‌లో సెసమీ స్ట్రీట్ చూస్తాం. తర్వాత లాప్‌టాప్ మూసేస్తాను, సాక్సుతో కుట్టిన మా బొమ్మ బుజ్జమ్మ బయటికొస్తుంది. ఒకటీ రెండూ తరగతుల పిల్లలకి చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి, పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మలూ నాన్నలూ గేటు దగ్గర నిలబడి నన్నేవో అడుగుతూ ఉంటారు. నిలబడి చెప్తే సగమే చెప్పగలుగుతున్నాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ సెసమీ స్ట్రీట్ ఏమిటి? మామూలు కార్టూనేనా?

కార్టూన్లు అందులో ఒక భాగం. బొమ్మలు, మనుషులు, పాటలు, చిన్న చిన్న కార్టూన్లు అన్నీ కలిపి, బడికి వెళ్ళబోయే పిల్లల కోసం అమెరికాలో తయారుచేసిన టీవీ కార్యక్రమం ఇది. 1969 నవంబరు 10న మొదలైంది. జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ అనే ఇద్దరు దీనికి మూలం. మోరిసెట్ గారి చిన్నమ్మాయి తెల్లారకుండానే లేచి, ఇంకా కార్యక్రమాలు మొదలవకపోయినా, టీవీలో కనిపించే గీతల బొమ్మనే చూస్తూ కూర్చునేదట. పిల్లల్ని ఇంతగా కట్టిపడేసే ఈ పెట్టెతో చదువు చెప్పలేమా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

కూనీ గారు గమనించిన సంగతి ఇంకొకటి. పిల్లలకి అక్షరాలు రాకపోయినా టీవీ ప్రకటనల పాటలు మాత్రం నోటికి వచ్చేస్తున్నాయి. పొట్టిగా, పాటగా, మళ్ళీ మళ్ళీ చూపిస్తారు కాబట్టి. సరే, సబ్బులు అమ్మే పద్ధతిలోనే అక్షరాలు చెబుదాం అనుకున్నారు. అందుకే మొదటి ఎపిసోడ్‌ను డబ్ల్యూ, ఎస్, ఈ అనే అక్షరాలూ, 2, 3 అనే అంకెలూ సమర్పించినట్టుగా ప్రకటించారు. మన పిల్లలు కూడా చదువు రాకముందే వాషింగ్ పౌడర్ పాట పాడతారు కదా, అదే కిటుకు.

సెసమీ అంటే నువ్వులు కదా, ఆ పేరెందుకు?

అలీబాబా కథలో గుహ తలుపు తెరిచే ‘ఓపెన్ సెసమీ’ అనే మంత్రం నుంచి తీసుకున్నారు. మన దేశంలో వచ్చిన దానికి ‘గలీ గలీ సిమ్ సిమ్’ అని పేరు పెట్టినప్పుడు కూడా అదే మంత్రం, హిందీలో ‘ఖుల్ జా సిమ్ సిమ్’, వాడుకున్నారు.

మన దేశంలో కూడా వచ్చిందా? అందులో బొమ్మలు వేరా?

వచ్చింది. 2006లో పోగో, కార్టూన్ నెట్‌వర్క్ ఛానళ్ళలో హిందీలో మొదలై, తర్వాత దూరదర్శన్‌లో కూడా వేశారు. అందులో చమ్కీ అని బడి యూనిఫాం వేసుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. మా శనివారం పిల్లలకి అదంటే ప్రాణం, ఎందుకంటే వాళ్ళకీ అలాంటి యూనిఫామే. బూంబా అనే పెద్ద సింహం, గూగ్లీ అనే నీలంరంగు బొమ్మ కూడా ఉన్నాయి. బంగ్లాదేశ్‌లో 2005లో మొదలైన సిసింపూర్‌లో హాలుమ్ అనే పులి ఉంటుంది, దానికి చేపలంటే ఇష్టం. సముద్రానికి దగ్గరి ఊరివాళ్ళం కదా, హాలుమ్ మా పిల్లలకి వెంటనే చుట్టమైపోయింది.

ఏ దేశంలో చేస్తే ఆ దేశం వీధి, ఆ దేశం తిండి, ఆ దేశం మాట పెడతారు. నా దృష్టిలో ఈ కార్యక్రమానికి ప్రాణం ఇదే. కింద మళ్ళీ చెప్తాను.

ఏ వయసు నుంచి చూపించవచ్చు? ఎంతసేపు?

రెండేళ్ళు నిండేదాకా తెర అసలు వద్దు, దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకి రోజుకి గంట దాటకూడదు. భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెప్పిన లెక్క ఇది. నా వరండాలో ఇరవై నిమిషాలకే ఆపేస్తాను. ఆ తర్వాత పిల్లలు చూస్తారు గానీ, చూసినదాని గురించి మాట్లాడరు.

యూట్యూబులో అయితే ఒకటి అయిపోగానే దానంతటదే ఇంకొకటి మొదలయ్యే ఏర్పాటు ముందు ఆపెయ్యండి. మూడో వీడియోకల్లా ఎక్కడికి పోతామో మన చేతిలో ఉండదు.

ఫోను చేతికిచ్చి కూర్చోబెడితే చాలదా? నాకు వంట పనుంటుంది.

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరూ కొంచెం తప్పు చేసినట్టు మొహం పెడతారు. తప్పేమీ లేదమ్మా. పొద్దున్న ఏడింటికి క్యారేజీ కట్టాలి, ఎనిమిదింటికి ఆటో వస్తుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు.

కానీ ఈ కార్యక్రమాన్ని తయారుచేసినవాళ్ళే పెద్దవాళ్ళు పక్కన ఉంటారనుకుని తయారుచేశారు. పెద్దవాళ్ళకి కూడా నవ్వొచ్చే మాటలు, వాళ్ళకి తెలిసిన సినిమా నటులు, గాయకులు అందులో కావాలనే పెడతారు, అమ్మో నాన్నో అక్కడే కూర్చోవాలని. కూర్చోవడం కుదరకపోతే ఫోను వంటింటి గుమ్మం దగ్గర పెట్టండి. కూర తరుగుతూనే ‘ఏమంటోంది ఆ బొమ్మ? ఎన్ని అరటిపళ్ళున్నాయి?’ అని రెండు మాటలు అడగండి. తర్వాత ఆ అరటిపళ్ళే మన బుట్టలో లెక్కపెట్టించండి. తెర మీద నాలుగు చూడటం వేరు, బుట్టలో నాలుగోది తనే తీసి మీ చేతిలో పెట్టడం వేరు. ఆ నాలుగు పిల్లాడికి మిగులుతుంది.

దీనివల్ల నిజంగా చదువు వస్తుందా, లేక కాలక్షేపమా?

టీవీ కార్యక్రమాల్లో ఇంతగా పరీక్షించి చూసినది అరుదు. మొదలవడానికి ముందే ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కనే ఇంకో తెర మీద 7.5 సెకన్లకి ఒకసారి కొత్త బొమ్మ మార్చేవారు. పిల్ల చూపు ఎప్పుడు పక్క తెర మీదికి పోతుందో రాసుకునేవారు. చూపు మళ్ళిన చోట కార్యక్రమం చప్పగా ఉన్నట్టు లెక్క, ఆ ముక్క బాగుచేసుకునేవారు.

1969 జులైలో ఫిలడెల్ఫియాలో ఇలాగే కొన్ని ఎపిసోడ్లు చూపించారు. బొమ్మలనీ మనుషులనీ కలిపితే పిల్లలు తికమక పడతారని నిపుణులు చెప్పడంతో, అప్పటిదాకా వీధి సన్నివేశాల్లో మనుషుల్నే పెట్టారు. తీరా చూస్తే వీధి రాగానే పిల్లల చూపు పక్కకి పోయింది. దాంతో నిపుణుల మాట పక్కనపెట్టి, పిల్లల చూపు మాట విన్నారు. వీధిలోకి బొమ్మల్ని దించారు. ఎనిమిది అడుగుల పసుపురంగు పక్షి బిగ్ బర్డ్, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్ అలా పుట్టినవే. ఈ కథ నాకెంత ఇష్టమో! బడిలో పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కిటికీలోంచి చూస్తే మనం పిల్లల్ని తిడతాం. వాళ్ళు పాఠాన్ని మార్చారు.

ఆ తర్వాత దశాబ్దాల్లో చాలా అధ్యయనాలు జరిగాయి. 2013లో 15 దేశాల్లోని 10 వేలమందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే అక్షరాలు, అంకెలు, ఆరోగ్యం, తోటివాళ్ళతో మెలగడం, అన్నిటిలో మేలే కనిపించింది. అలాగని బడి అక్కర్లేదని కాదు. పునాదికి ఇసుక తెచ్చి పోసినట్టు, అంతవరకే.

ఇది చూస్తే మావాడికి ఇంగ్లీషు వచ్చేస్తుందా?

నాలుగు మాటలు, ఒక పాట, అంకెలు వస్తాయి. మాట్లాడటం మాత్రం ఎదురుగా మాట్లాడే మనిషి ఉంటేనే వస్తుంది. ఇంగ్లీషు కోసమే చూపిస్తే మీకూ నిరాశ, వాడికీ విసుగు. చూసినదాని గురించి తెలుగులోనే మాట్లాడండి. ఆలోచన తెలుగులో గట్టిపడితే ఇంగ్లీషు మాట దానికి తగులుకుంటుంది.

ఎల్మో అనే బొమ్మ ‘ఎల్మోకి ఆకలేస్తోంది’ అంటాడు, ‘నాకు’ అనడు. పిల్లలు తప్పు నేర్చుకోరా?

ఎల్మో వయసు మూడున్నరేళ్ళు. ఆ వయసు పిల్లలు ఇంట్లో ఎలా మాట్లాడతారో వినండి. ‘చిన్నికి నిద్దరొస్తంది’ అనే అంటారు. వాళ్ళంతట వాళ్ళే దాటిపోతారు. మీరు సరిగ్గా మాట్లాడుతుంటే చాలు.

బిస్కెట్లు తెగ తినే బొమ్మ కుకీ మాన్‌స్టర్‌ని చూసి మా పాప బిస్కెట్లు అడుగుతోంది.

కొన్నేళ్ళుగా ఆ బొమ్మ చేతే బిస్కెట్లు ఎప్పుడో ఒకసారి తినేవని చెప్పిస్తున్నారు, పళ్ళూ కూరగాయలూ తినిపిస్తున్నారు. ఇంకో సంగతి, నిజం బిస్కెట్ల నూనె బొమ్మని పాడుచేస్తుందని షూటింగులో వాడే బిస్కెట్లు వేరేగా తయారుచేస్తారు. పాపకి ఈ మాట చెప్పండి. మా పిల్లలు ‘అయితే తినేవి కావా’ అని ఆ సాయంత్రమంతా దాని గురించే మాట్లాడుకున్నారు. బిస్కెట్ ఎవరూ అడగలేదు.

ఆ బొమ్మలు ఎలా ఆడిస్తారు? మన తోలుబొమ్మల్లాగేనా?

తోలుబొమ్మల్లో మనకి కనిపించేది తెర మీది నీడ. ఇవి చేతికి తొడుక్కునేవి. ఆడించేవాళ్ళు కింద ఉండి, చెయ్యి తలకంటే పైకెత్తి, బొమ్మ నోట్లో వేళ్ళు పెట్టి ఆడిస్తారు. తమ బొమ్మ ఎలా కనిపిస్తోందో ఎదురుగా చిన్న టీవీలో చూసుకుంటారు. కుకీ మాన్‌స్టర్ లాంటివాటికి ఇద్దరు కావాలి, ఒకరు తలా ఎడమ చెయ్యీ, ఇంకొకరు కుడి చెయ్యి. ఈ బొమ్మలకి రూపమిచ్చిన జిమ్ హెన్సన్ 1990లో చనిపోయారు.

బిగ్ బర్డ్ లోపల మాత్రం మనిషే ఉంటాడు. కెరోల్ స్పిన్నీ 1969 నుంచి 2015 దాకా ఆ పక్షి అయ్యారు, గొంతు మాత్రం 2018 దాకా ఆయనే ఇచ్చారు. కుడిచెయ్యి పైకెత్తి పక్షి తలని ఆడిస్తూ, గుండెకి కట్టుకున్న చిన్న టీవీలో చూసుకుంటూ నడిచేవారు. ఒక్కసారి మీ కుడిచెయ్యి పైకెత్తి రెండు నిమిషాలు ఉంచి చూడండి.

మా బాబు బిగ్ బర్డ్‌ని చూసి ఏడుస్తున్నాడు.

సిరిమాను సంబరంలో పులివేషం చూసి ఏడ్చే వయసే కదా. బలవంతపెట్టకండి. ముందు చిన్న బొమ్మల ముక్కలు చూపించండి, పెద్దవి తర్వాత.

మా మామగారు ఈమధ్యనే పోయారు. బాబు ‘తాతయ్య ఎప్పుడొస్తాడు’ అంటున్నాడు. ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న ముగ్గురు నలుగురు అడిగారు, అందరూ గొంతు తగ్గించే అడిగారు.

సెసమీ స్ట్రీట్‌లో మూలకొట్టు నడిపే హూపర్ అనే పెద్దాయన ఉండేవాడు. ఆ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, ఊరు వదిలి వెళ్ళిపోయాడని చెప్పొచ్చు. అవేమీ చెయ్యలేదు. 1983 నవంబరులో వచ్చిన ఎపిసోడ్‌లో బిగ్ బర్డ్ తను గీసిన బొమ్మలు అందరికీ పంచుతూ, హూపర్ గారిది ఆయన వచ్చాక ఇస్తానంటుంది. పెద్దవాళ్ళు మెల్లగా చెప్తారు: ఆయన చనిపోయారు, ఇంక తిరిగిరారు. ఎందుకిలా జరగాలి అని పక్షి అడిగితే తెలివైన జవాబు ఎవరూ చెప్పరు. ఇలాగే అవుతుంది, అంతే అంటారు. కళ్ళు తుడుచుకుంటారు.

మా వీధిలో ఒక అయిదేళ్ళ బాబుకి తాతయ్య ‘ఊరెళ్ళాడు’ అని చెప్పారు. వాడు వాళ్ళ నాన్నతో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళినప్పుడల్లా దిగేవాళ్ళందర్నీ చూసేవాడట. బొబ్బిలి బస్సు వస్తే బొబ్బిలి బస్సు, పాలకొండ బస్సు వస్తే పాలకొండ బస్సు. ఒకరోజు నన్నే అడిగాడు, ‘టీచరమ్మా, తాత ఏ బస్సులో వస్తాడు?’ అని. నేను వాళ్ళ అమ్మని పిలిచి, ఇద్దరం కూర్చుని నిజం చెప్పాం. తాతయ్య చనిపోయాడు, ఒంట్లో ప్రాణం ఆగిపోయింది, ఏ బస్సులోనూ రాడు, మనందరికీ బెంగగానే ఉంది అని. ఏడ్చాడు. వాళ్ళమ్మ కూడా ఏడ్చింది. ఆ తర్వాత కాంప్లెక్స్‌లో నాన్న చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడట, బస్సుల వైపు చూడటం లేదట. ‘నిద్రపోయాడు’ అని కూడా చెప్పకండి, పిల్లలు నిద్రకి భయపడతారు.

మా అమ్మాయికి ఆటిజం ఉంది. తనకి పనికొస్తుందా?

2017 నుంచి ఈ కార్యక్రమంలో జూలియా అనే ఆటిజం ఉన్న బొమ్మ ఉంది. పిలిస్తే వెంటనే పలకదు, పెద్ద శబ్దాలు పడవు, తనకి నచ్చినట్టు ఆడుతుంది. మిగతా బొమ్మలు ఆమెతో ఎలా ఆడాలో నేర్చుకుంటాయి. మీ అమ్మాయికి ఏది నచ్చుతుందో తననే చూసి తెలుసుకోండి. మీ పక్కింటి పిల్లలకి మాత్రం ఇది తప్పకుండా చూపించమని వాళ్ళ అమ్మలకి చెప్పండి.

నాకు పాట రాదు. పాట లేకుండా కుదురుతుందా?

విజయనగరం వాళ్ళకి ఈ మొహమాటం కొంచెం ఎక్కువ. 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన ఊరు, ఘంటసాల, సుశీల పాట నేర్చుకున్న ఊరు, ఇక్కడ మనమేం పాడతాం అనుకుంటాం. పిల్లలకి అమ్మ గొంతుకి మించింది లేదు. 1970లో ఎర్నీ అనే బొమ్మ స్నానాలతొట్టిలో రబ్బరు బాతు మీద పాడిన పాట అమెరికాలో పెద్ద హిట్టయింది. ఒక బొమ్మ, ఒక బాతు, అంతే. మేము బోరింగు దగ్గర చేతులు కడిగేటప్పుడు ఇది పాడతాం:

గిన్నె కడిగా, గరిటె కడిగా,
నా చెయ్యి నేనే కడిగా,
ఐదు వేళ్ళూ లెక్కపెట్టి
అమ్మ చెంగుకి తుడిచా.

నాలుగుసార్లు పాడితే చేతులు శుభ్రపడేంత సమయం అవుతుంది.

ఇంట్లో బొమ్మ ఎలా చేసుకోవాలి?

జత తప్పిన యూనిఫాం సాక్సు ఒకటి చాలు. మడమ భాగం బొమ్మ తలకి పైన వచ్చేలా చెయ్యి దూర్చండి. పాత పెళ్ళి శుభలేఖ అట్టని అరచేయంత గుండ్రంగా కత్తిరించి, మధ్యకి మడిచి నోట్లో అతికించండి. కళ్ళకి చొక్కా గుండీలు. రెండు కళ్ళూ దగ్గర దగ్గరగా, నోటికి కొంచెం పైనే కుట్టండి. దూరం పెడితే బొమ్మ ఎటో చూస్తున్నట్టుంటుంది, దగ్గరగా పెడితే పిల్లవైపు చూస్తుంది.

ఆడించేటప్పుడు నోరు తెరవాలంటే వేళ్ళు పైకెత్తకండి, బొటనవేలు కిందికి దించండి. లేకపోతే మాటమాటకీ బొమ్మ ఆకాశం చూస్తుంది. బొమ్మ మాట్లాడేటప్పుడు మీరు పిల్లని కాకుండా బొమ్మని చూడండి. గొంతు మార్చడం రాకపోతే మార్చకండి.

బొమ్మ ఏ తెలుగు మాట్లాడాలి?

అన్నిటికంటే నాకు ముఖ్యమైన ప్రశ్న ఇది, అందరికంటే తక్కువమంది అడుగుతారు.

అప్పట్లో పిల్లల కార్యక్రమాలంటే కోటలు, సర్కసు డేరాలు. వీళ్ళు న్యూయార్కులోని మామూలు బస్తీ వీధి పెట్టారు. మెట్లు, చెత్తడబ్బా, మూలకొట్టు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి ఉన్న వీధి. అలా కలిసి కనిపిస్తున్నారని 1970లో మిసిసిపీ రాష్ట్ర టీవీ కమిషన్ దీన్ని వెయ్యకూడదంది, జనం ఊరుకోకపోతే కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. టీవీలో తన వీధి కనిపించిన పిల్ల చదువు కూడా తనదే అనుకుంటుంది.

మరి మన పిల్లకి తన మాట ఎక్కడ వినిపిస్తుంది? టీవీలో మన యాస నవ్వించడానికే వస్తుంది. బడిలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి అనాలి’ అని దిద్దుతాం. నేనూ చాలా ఏళ్ళు దిద్దాను.

మొదటి వారాల్లో బుజ్జమ్మ కూడా పుస్తకం తెలుగే మాట్లాడేది. ‘ఈ రోజు ఉదయం నువ్వు ఏమి తిన్నావు?’ అని అడిగితే పిల్లలు నన్ను చూసేవారు, బొమ్మని చూసేవారు కాదు. ఒక పాప అయితే ఐదు వారాలు వరండా స్తంభం పట్టుకునే నిలబడింది, నోరు విప్పలేదు. ఆరో వారం, ఏమనిపించిందో, మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడించాను. ‘ఏటే, పొద్దున్న ఏటి తిన్నావు?’ పాప స్తంభం వదిలింది. ‘సోడంబలి’ అంది. ‘ఉల్లిపాయి నంజుకున్నావేటి?’ అని బుజ్జమ్మ. ‘నేదు, ఎండుసేప’ అంది పాప, నేరుగా బొమ్మ కళ్ళలోకి చూస్తూ. ఆ రోజు నుంచి తనని ఆపడం కష్టం.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు. మన జిల్లాలవాళ్ళకి ఇది ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా వరండాలో బుజ్జమ్మది ఇంటి తెలుగు, నాది పుస్తకం తెలుగు. ‘సోడి అంటే ఏటి టీచరమ్మా, పుస్తకంలో నేదు’ అని బొమ్మ అడుగుతుంది. ‘రాగులు అని రాస్తారు, మనం చోళ్ళు అంటాం’ అని నేను పలక మీద రెండూ రాస్తాను. ‘చ’ అక్షరం వచ్చిన వారం పిల్లలే చోళ్ళు గుప్పెట్లో పట్టుకొచ్చారు. 3 అంకె వారం మా ఊరి మూడు లాంతర్ల జంక్షన్ బొమ్మ గీశాం.

సాక్సు బొమ్మని ఉతకొచ్చా?

నెలకోసారి ఉతకండి. ముందు నోట్లో అట్ట తీసెయ్యండి, గుండీల దారం గట్టిగా ఉందో లేదో చూడండి, ఊడితే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఎండలో ఆరేసినప్పుడు పిల్లల కంట పడితే ‘బుజ్జమ్మకేటయింది?’ అని వచ్చేస్తారు. తలంటు పోసుకుందని చెప్తాను. పోయిన ఆదివారం ఆ స్తంభం పాప కొబ్బరినూనె సీసా తెచ్చింది.